సెస్నా 182లో జంప్ పైలట్ పని: లోడ్ లెక్క, ఫ్యూయెల్, కిందికి దిగే పద్ధతి, గంటలు

కృష్ణలంక
అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో ఒక చిన్న డ్రాప్ జోన్‌లో (పారాచూట్‌తో దూకే చోట) శని ఆదివారాలు జంప్ పైలట్‌గా, అంటే దూకేవాళ్లను పైకి తీసుకెళ్లే పైలట్‌గా చేరే మాటలు నడుస్తున్నాయి. కమర్షియల్ లైసెన్స్, సెకండ్ క్లాస్ మెడికల్, హై పెర్ఫార్మెన్స్ ఎండార్స్‌మెంట్ (ఎక్కువ శక్తి ఉన్న ఇంజిన్‌కి అనుమతి) ఉన్నాయి. మొత్తం 262 గంటలు, 182 మీద మాత్రం 11. విమానం 182పీ. పైలట్ సీటు తప్ప మిగతా సీట్లు, కుడి యోక్ (చేతితో పట్టే స్టీరింగ్) తీసేశారు. కుడి తలుపు పైకి తెరుచుకునే రకం. జంప్ ఎత్తు నేల నుంచి 10,500 అడుగులు.

నా ప్రశ్నలు ఇవి. ఐదుగురు జంపర్లు పడతారని అంటున్నారు, నిజంగా పడతారా? ఒక లోడుకు ఎన్ని గాలన్లు వేసుకోవాలి? వేగంగా దిగితే సిలిండర్లు పగులుతాయన్నది ఎంతవరకు నిజం? ఈ గంటలు రేపు ఎయిర్‌లైన్‌కి ఎంత పనికొస్తాయి?

ఓరుగల్లు_208
నేల మీద పడతారు. కాగితం మీద పడరు. లెక్క వేసి చూద్దాం.

182పీ గరిష్ఠ బరువు 2,950 పౌండ్లు. సీట్లు తీసేసిన విమానం ఖాళీ బరువు 1,700 అనుకుందాం. మీ విమానానిది వేరే ఉంటుంది, వెయిట్ అండ్ బ్యాలెన్స్ కాగితం చూసి ఆ అంకె పెట్టుకోండి. మిగిలింది 1,250. పైలట్ 180, మీ ఎమర్జెన్సీ పారాచూట్ 15, కలిపి 195. జంపర్ ఒక్కొక్కరు రిగ్‌తో (పారాచూట్ సంచీ, పట్టీలు) సహా 215 చొప్పున నలుగురికి 860. ఇంకా 195 పౌండ్లు మిగిలాయి. ఏవ్‌గ్యాస్ (విమానం పెట్రోలు) గాలన్‌కి 6 పౌండ్లు, అంటే 32 గాలన్లు. ఐదో మనిషిని ఎక్కించారంటే మీ దగ్గర మైనస్ 20 పౌండ్లు ఉంటాయి, చుక్క ఫ్యూయెల్ పోయకముందే.

రెండు టాండెమ్‌లు (ఒకే పారాచూట్‌కి ఇన్‌స్ట్రక్టర్, ప్యాసింజర్ జంట) ఎక్కితే ఇన్‌స్ట్రక్టర్ 190, ప్యాసింజర్ 180, టాండెమ్ రిగ్ 50, కలిపి ఒక్కో జంటకు 420. రెండు జంటలకు 840, అంటే దాదాపు అదే లెక్క. కానీ ప్యాసింజర్ 230 ఉన్న రోజు మళ్లీ మొదటి నుంచి కూడుకోవాలి. మ్యానిఫెస్ట్ కౌంటర్‌లో (ఏ లోడ్‌లో ఎవరో రాసే చోట) తూకం యంత్రం ఉందా, లేక మనిషి చెప్పిన బరువే రాసుకుంటున్నారా, మొదటి రోజే చూడండి. చెప్పే బరువు ఎప్పుడూ కాస్త తక్కువే ఉంటుంది.

గోదావరిగట్టు
ఓరుగల్లు గారు మొత్తం బరువు చెప్పారు. అది ఎక్కడ కూర్చుందన్నది కూడా అంతే ముఖ్యం. టేకాఫ్‌లో జంపర్లందరూ ముందుకు జరిగి నేల మీదే కూర్చోవాలి. పారాచూటిస్టులకు నేలనే సీటుగా వాడుకునే వెసులుబాటు అమెరికా విమాన నియమాల పార్ట్ 91లోని 91.107 ఇస్తుంది. బెల్టు మాత్రం తప్పదు. ఆ బెల్టు హార్నెస్‌లోని గట్టి పట్టీ చుట్టూ, తుంటి దగ్గర వేయాలి. ఛాతీ పట్టీలోంచి దూర్చితే విమానం ఆగిపోయినా మనిషి ఆగడు.

సీజీ (బరువు కేంద్రం) వెనక్కి పోతే ఏమవుతుందో హవాయిలో 2019 జూన్ 21న కూలిన కింగ్ ఎయిర్ చూపించింది. 11 మంది పోయారు. టేకాఫ్ అయిన వెంటనే గట్టిగా లాగి తిప్పడం వల్ల స్టాల్ అయ్యిందని (రెక్కలు విమానాన్ని మోయలేకపోయాయని) అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. సీజీ వెనక హద్దు దగ్గర ఉండటం, ఆ స్థితిలో విమానం ఎలా ప్రవర్తిస్తుందో పైలట్‌కి శిక్షణ లేకపోవడం కూడా కారణాల్లో రాసింది. జంప్ విమానాల ప్రమాదం అనగానే జనం పైన తలుపు దగ్గర ఏదో అవుతుందనుకుంటారు. ఎక్కువ మంది ప్రాణాలు తీసేది నేలకి దగ్గర్లో అయ్యే స్టాల్. ప్రేక్షకులు ఉన్నారని టేకాఫ్‌లో ముక్కు ఎత్తి చూపించమంటే ఎవరడిగినా చేయొద్దు.

ఏవ్‌గ్యాస్_రమణ
ఫ్యూయెల్ సంగతి నేను చెప్తాను.

ఈ విమానంలోని 230 హార్స్‌పవర్ ఓ-470 ఇంజిన్ పూర్తి థ్రాటిల్‌తో ఎక్కేటప్పుడు గంటకు 20 గాలన్లు దాటి తాగుతుంది. నలుగురితో 10,500 ఎక్కడానికి 20 నుంచి 25 నిమిషాలు, జంప్ రన్ (జంపర్లు దూకడానికి నిలకడగా ఎగిరే భాగం) కొన్ని నిమిషాలు, దిగడానికి మరో ఎనిమిది పది. మొత్తం లోడుకు రమారమి 7 నుంచి 9 గాలన్లు వేసుకోండి. మొదటి పది లోడ్లు మీరే కొలిచి మీ విమానం అంకె రాసుకోండి. పగటి వీఎఫ్‌ఆర్ (కంటి చూపుతో ఎగిరే నియమాలు) రిజర్వ్ 30 నిమిషాలు, అది ఇంకో 7 గాలన్లు. ఓరుగల్లు గారి 32 గాలన్లలో రెండు లోడ్లు హాయిగా వస్తాయి, మూడోది అంచు మీద వస్తుంది. కాబట్టి రెండు లోడ్లకోసారి పోయడం మంచి అలవాటు. "ఇంకొక్క లోడ్ అయ్యాక పోద్దాం" అన్న మాట వినిపిస్తే ఇంజిన్ ఆపి కిందికి దిగండి.

గేజ్‌ని నమ్మొద్దు. పాత 182ల్లో అది అబద్ధం చెప్తుంది. కర్ర స్కేలుతో ట్యాంకులో ముంచి చూడాలి. స్కేలు ఆ విమానానికే గీసింది అయ్యుండాలి, వేరే విమానానిది తెచ్చి ముంచితే లెక్క తప్పుతుంది.

ఇంకో రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఒకటి, ట్యాంకులో తక్కువ ఉన్నప్పుడు రడ్డర్ (తోక చుక్కాని) అడ్డంగా తొక్కి చాలాసేపు జారుతూ దిగితే ఫ్యూయెల్ ఒక పక్కకు పోతుంది, గొట్టం మూతిలోకి గాలి వస్తుంది, ఇంజిన్ ఆగుతుంది. మలుపుల్లో జారుడు చూపించే మీటర్‌లో బంతి మధ్యలోనే ఉండాలి, ఫ్యూయెల్ సెలెక్టర్ బోత్ (రెండు ట్యాంకులూ) మీద ఉండాలి. రెండోది రబ్బరు సంచి ట్యాంకులు. ఆ కాలం 182ల్లో రెక్కలోపల రబ్బరు సంచి ఉంటుంది. అది ముడతలు పడితే ముడత వెనక నీళ్లు నిలుస్తాయి. పొద్దున డ్రెయిన్ చేసినప్పుడు శుభ్రంగా కనిపిస్తుంది, టేకాఫ్‌లో ముక్కు లేవగానే ఆ నీళ్లు బయలుదేరతాయి. రాత్రి వాన పడితే తోక కిందికి నొక్కి, రెక్కలు ఊపి, కాసేపు ఆగి మళ్లీ డ్రెయిన్ చేయండి. కప్పులో నీళ్లు రావడం ఆగేదాకా తీస్తూనే ఉండాలి. ట్యాంకు మూతల రబ్బరు వాషర్లు పగిలితే నీళ్లు లోపలికి వెళ్లేది అక్కడి నుంచే.

తూనీగ
దిగడం గురించి. జంపర్లు వెళ్లిపోగానే చాలామంది థ్రాటిల్ మొత్తం మూసి ముక్కు కిందికి తోస్తారు. వేడిగా ఉన్న సిలిండర్ మీద చల్లటి గాలి కొడుతుంది. నిమిషానికి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా వేగంగా చల్లారనివ్వొద్దని ఇంజిన్ల కంపెనీ లైకమింగ్ చెప్తుంది. మీది కాంటినెంటల్ అయినా అదే కొలత పెట్టుకోండి.

వరస ఇది. 10,500 దగ్గర పూర్తి థ్రాటిల్‌లో కూడా మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి) 19, 20 అంగుళాలే ఉంటుంది. జంప్ రన్‌కి ముందే కాస్త తగ్గించి ఉంటారు. జంపర్లు వెళ్లాక తలుపు మూయండి, కౌల్ ఫ్లాప్స్ (ఇంజిన్‌ని చల్లబరిచే గాలి తలుపులు) మూయండి, కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కి వేడి గాలి) పూర్తిగా లాగండి, అప్పుడు 15, 16 అంగుళాలకు తెచ్చి ముక్కు దించండి. థ్రాటిల్ కదపకుండా దిగితే వెయ్యి అడుగులకు దాదాపు ఒక అంగుళం తనంతట తనే పెరుగుతుంది. పెరిగినంత మేరకే తగ్గిస్తూ రండి. మిక్స్చర్ (గాలిలో కలిసే ఫ్యూయెల్ పాలు) కొంచెం కొంచెంగా రిచ్ చేయండి, అంటే ఫ్యూయెల్ పెంచండి. గాలి కుదుపులుంటే ఎయిర్‌స్పీడ్ సూది పచ్చ గీతలోనే ఉండాలి.

ఈ ఇంజిన్‌కి కార్బ్ ఐస్ బాగా పడుతుంది. తేమ ఉన్న రోజు మూసిన థ్రాటిల్‌తో కార్బ్ హీట్ లేకుండా దిగి, కింద థ్రాటిల్ తెరిస్తే ఏమీ రాదు.

ఓరుగల్లు_208
తూనీగ గారితో ఒక్క విషయంలో ఏకీభవించను. సిలిండర్లు దిగేటప్పుడే పగులుతాయన్నది సగం నిజం. వాటిని అలసిపోయేలా చేసేది ఎక్కేటప్పటి వేడి. 400 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటించి పైకి లాగిన సిలిండర్‌ని ఎంత సున్నితంగా దించినా ఉపయోగం తక్కువ. ఎండాకాలం ఎక్కేటప్పుడు 80 నాట్లకు బదులు 85, 90 పట్టండి, కౌల్ ఫ్లాప్స్ పూర్తిగా తెరవండి, మిక్స్చర్ తొందరపడి లీన్ చేయొద్దు. లోడుకు రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, సిలిండర్ ఓవర్‌హాల్ దాకా నిలుస్తుంది. ఆరు సిలిండర్లకూ విడివిడిగా ప్రోబ్ (వేడి కొలిచే ముక్క) ఉన్న మానిటర్ ఉంటే పేచీయే లేదు. ఒక్క ప్రోబ్ మాత్రమే ఉంటే అది ఏ సిలిండర్ మీద ఉందో మెకానిక్‌ని అడగండి. అన్నిటికన్నా వేడెక్కేది అదే కాకపోవచ్చు.

తూనీగ
ఎక్కేటప్పటి వేడి గురించి ఒప్పుకుంటాను. రెండూ చూసుకోవాలి.

గోదావరిగట్టు
దిగేటప్పుడు ఇంజిన్ కన్నా ముందు చూడాల్సింది గాల్లోని పారాచూట్లు. 3,000 నుంచి 5,000 అడుగుల మధ్య అవి తెరుచుకుంటాయి. మీరు ఎటువైపు దిగాలో ముందే డ్రాప్ జోన్‌తో ఖాయం చేసుకోండి, ఆ పక్కనే ప్రతిసారీ దిగండి. నలుగురు దూకితే ఎన్ని పారాచూట్లు లెక్కపెట్టాలో మీకు తెలుసు. టాండెమ్ అయితే ఇద్దరికి ఒకటే.

జంప్ రన్ సంగతి. 182లో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఫ్లాప్స్ 10 డిగ్రీలు, 70 నుంచి 75 నాట్లు, ఎత్తు నిలకడగా. తలుపు తెరవగానే గాలి, చప్పుడు మీద పడతాయి. జంపర్ మెట్టు మీదికి దిగి కుడి స్ట్రట్ పట్టుకుంటాడు. అప్పుడు మీ కాళ్లు బ్రేకుల మీద ఉండాలి. చక్రం తిరిగితే దాని మీద పెట్టిన పాదం జారుతుంది. మనుషులు కుడి పక్క వేలాడుతుంటే విమానం కుడికి వాలుతుంది, ముక్కు కుడికి తిరుగుతుంది. ఎడమ రడ్డర్, ఎడమ ఐలెరాన్ (రెక్క చివరి పలక) ఇచ్చి నిలబెట్టాలి. మిగతావాళ్లు తలుపు దగ్గరికి జరుగుతారు కాబట్టి సీజీ కూడా కదులుతుంది, స్పీడ్ పడిపోతుంది. స్టాల్ హారన్ మోగిందా, ముక్కు కొంచెం దించండి. వాళ్లు వెళ్లేటప్పుడు విమానం ఎక్కుతూ ఉండకూడదు. తోక కిందికి ఉంటే దూకినవాడికి తగులుతుంది.

లాండింగ్‌కి ముందు బ్రేక్ పెడల్ నుంచి కాళ్లు కిందికి జరిపారో లేదో ఒకసారి చూసుకోండి.

రిగ్గర్_కడప
తలుపు దగ్గర రిగ్ తెరుచుకుంటే ఏం చేయాలో జంపర్లకూ మీకూ ఒకే మాట ఉండాలి. పైలట్ చూట్ (పారాచూట్‌ని బయటికి లాగే చిన్న చూట్) గానీ గుడ్డ గానీ తలుపులోంచి బయటికి పోతే ఆ మనిషి ఆ క్షణమే దూకాలి, పక్కవాళ్లు తోసేయాలి. ఆగితే పారాచూట్ తోకకు చుట్టుకుని మనిషినీ విమానాన్నీ రెంటినీ లాగుతుంది. గుడ్డ ఇంకా లోపలే ఉంటే రెండు చేతులతో బిగపట్టి, తలుపు మూసి, విమానాన్ని దించేయాలి. అందుకే పైకి వెళ్తున్నంతసేపూ తలుపు మూసి ఉండాలి, తెరిచే ముందు పిన్నులు చూసుకోవాలి.

మీ సొంత పారాచూట్ గురించి. సింథటిక్ గుడ్డ అయితే 180 రోజులకోసారి లైసెన్స్ ఉన్న రిగ్గర్ ప్యాక్ చేసి ఉండాలి. తేదీ కార్డు రిగ్‌లోనే ఉంటుంది, తీసి చూడండి. అది తొడుక్కుని సీట్లో కూర్చుని, బెల్టు విప్పి, హెడ్‌సెట్ లాగేసి, తలుపు దాకా వెళ్లే వరస నేల మీద అయిదారుసార్లు చేయండి. 2013 నవంబరులో విస్కాన్సిన్‌లోని సుపీరియర్ దగ్గర రెండు సెస్నాలు ఫార్మేషన్‌లో ఢీకొన్నాయి. ఒకదాని రెక్కలు ఊడిపోయాయి. దాని పైలట్ ఎమర్జెన్సీ పారాచూట్‌తో బయటపడ్డాడు, రెండోది నేలకు దిగింది, 11 మందీ బతికారు. పారాచూట్ వీపు నొప్పి పుట్టిస్తుందని తీసి వెనక్కి పడేసే అలవాటు చాలాచోట్ల ఉంది. దయచేసి మీరు చేసుకోవద్దు.

కృష్ణలంక
చాలా థాంక్స్ అందరికీ. స్పాట్ (ఎక్కడ దూకాలన్నది) ఎవరు చూడాలి? జీపీఎస్ మీద పెట్టి ఎరుపు లైటు, పచ్చ లైటు వేయమని చెప్పారు.

ఓరుగల్లు_208
లైటు వేసేది మీరు, కిందికి చూసి దూకేది వాళ్లు. పచ్చ లైటు అంటే "దూకొచ్చు" అని, "దూకు" అని కాదు.

లెక్క ఇలా. పొట్ట మీద పడేవాడు మొదటి వెయ్యి అడుగులకు 10 సెకన్లు, తర్వాత ప్రతి వెయ్యికి 5.5 సెకన్లు తీసుకుంటాడు. 10,500 నుంచి 4,000 దాకా దాదాపు 40 సెకన్లు. ఆ ఎత్తుల్లో సగటు గాలి 20 నాట్లు అయితే సెకనుకు 34 అడుగుల చొప్పున 1,350 అడుగులు, అంటే 400 మీటర్లకు పైన కొట్టుకుపోతాడు. పారాచూట్ తెరిచాక పోయేది దీని మీద అదనం. కాబట్టి గాలికి ఎదురుగా అంత ముందుకు వెళ్లాక వదలాలి.

గుంపుల మధ్య ఎడం నేల స్పీడ్‌ని బట్టి. నేల స్పీడ్ 80 నాట్లు ఉంటే సెకనుకు 135 అడుగులు, వెయ్యి అడుగుల ఎడానికి 7.5 సెకన్లు. 30 నాట్ల ఎదురుగాలిలో నేల స్పీడ్ 50కి పడుతుంది, అదే ఎడానికి 12 సెకన్లు కావాలి. ఈ అంకె మీరు గట్టిగా అరిచి చెప్పాలి. జంపర్‌కి జీపీఎస్ కనపడదు.

మబ్బుల నియమం మీ లైసెన్స్ మీద కూడా ఉంది, జంపర్ మీద మాత్రమే కాదు. 10,000 అడుగుల కింద చూపు 3 మైళ్లు, మబ్బుకు కింద 500, పైన 1,000, పక్కన 2,000 అడుగులు. సముద్రమట్టం నుంచి 10,000 దాటితే చూపు 5 మైళ్లు, కింద 1,000, పైన 1,000, పక్కన ఒక మైలు. మీరు నేల నుంచి 10,500 ఎక్కుతున్నారు కాబట్టి పైన వర్తించేది రెండోది. దూకడానికి కనీసం 5 నిమిషాల ముందు ఏటీసీతో (విమానాల ట్రాఫిక్ కంట్రోల్) రేడియోలో మాట్లాడి ఉండాలి. జంప్ సమాచారం 24 గంటల నుంచి గంట ముందు లోపు అందాలి. అది డ్రాప్ జోన్ వాళ్లు ఇస్తారు, ఇచ్చారో లేదో మీరు అడగాలి.

నెల్లూరు_సీపీఎల్
నాకూ ఇదే పని కావాలి. ఎం-1 వీసా (వృత్తి కోర్సుల విద్యార్థి వీసా) మీద ఫ్లోరిడాలో ట్రైనింగ్ అవుతోంది, కమర్షియల్ వచ్చే నెల. జీతం లేకుండా ఊరికే గంటల కోసం ఎగిరితే ఇబ్బంది ఉండదు కదా?

ఏవ్‌గ్యాస్_రమణ
ఉంటుంది తమ్ముడూ. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ దృష్టిలో ఉచితంగా దొరికే ఎగిరే గంటలు కూడా ప్రతిఫలమే. ప్రైవేట్ లైసెన్స్ మీద అలా చేస్తే లైసెన్స్‌కే ముప్పు. వీసా వైపు చూస్తే ఎం-1లో చదువుతుండగా పని లేదు. కోర్సు అయ్యాక ప్రాక్టికల్ ట్రైనింగ్ ఉంటుంది: నాలుగు నెలల చదువుకు ఒక నెల చొప్పున, ఎక్కువలో ఎక్కువ ఆరు నెలలు. దానికి ముందుగా అనుమతి రావాలి, కాగితం చేతికి అందాకే మొదటి లోడ్. "మన దగ్గర అందరూ ఇలాగే చేస్తారు" అని డ్రాప్ జోన్‌లో ఎవరన్నా చెప్తే, దొరికితే వెనక్కి వెళ్లేది నువ్వు, వాళ్లు కాదు. మీ స్కూల్లో డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) దగ్గర కూర్చుని తేదీలు వేసుకో.

నెల్లూరు_సీపీఎల్
సరే అన్నా, రేపే కలుస్తాను.

తూనీగ
కృష్ణలంక గారి నాలుగో ప్రశ్న మిగిలింది. గంటలు.

182 మీద మీరు ఎగిరేదంతా పీఐసీ (బాధ్యుడైన పైలట్‌గా గంటలు), అది మంచిది. కానీ ఏటీపీకి (ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్స్) 1,500 గంటల్లో 500 క్రాస్ కంట్రీ (దూర ప్రయాణం), 100 రాత్రి, 75 ఇన్‌స్ట్రుమెంట్ (పరికరాలు చూసి ఎగరడం) కావాలి. జంప్ విమానం రన్‌వే మీదే గుండ్రంగా ఎక్కి అక్కడే దిగుతుంది. ఏటీపీ క్రాస్ కంట్రీకి 50 నాటికల్ మైళ్లకు పైగా దూరం పోవాలి, మీది పది కూడా దాటదు. వెయ్యి గంటలు జంప్ చేసినా ఆ మూడు గడులూ ఖాళీగానే ఉంటాయి. విమానాన్ని మెయింటెనెన్స్‌కి దూరం తీసుకెళ్లే పని ఉంటే మీరే అడిగి తీసుకోండి. వారం మధ్యలో ఇన్‌స్ట్రుమెంట్ సాధనకి, రాత్రి ఫ్లయింగ్‌కి డబ్బు పక్కన పెట్టుకోండి.

మంచి పైలట్‌ని చేసే పని ఇది, అందులో నాకు అనుమానం లేదు. రోజుకు పన్నెండు టేకాఫ్‌లు, పన్నెండు లాండింగ్‌లు, ప్రతిసారీ గరిష్ఠ బరువుతో. ట్రైనింగ్‌లో ఇది దొరకదు.

గోదావరిగట్టు
పని రోజు గురించి ఎవరూ చెప్పలేదు. ఎక్కువ చోట్ల డబ్బు లోడుకు ఇంత. వాన పడితే, గాలి ఎక్కువైతే సున్నా. పార్ట్ 91లో ఈ పనికి డ్యూటీ గంటల హద్దు లేదు, కాబట్టి హద్దు మీరే పెట్టుకోవాలి. ఎన్ని లోడ్ల తర్వాత ఆపి తినాలో పొద్దున్నే మ్యానిఫెస్ట్‌లో చెప్పేయండి. మధ్యాహ్నం రెండింటికి చెప్తే వినే ఓపిక అక్కడ ఎవరికీ ఉండదు.

టెక్సాస్ ఎండలో కింద 40 డిగ్రీలు ఉంటే పైన 10,500 దగ్గర 20 దాకా ఉంటుంది. తలుపు తెరిచినప్పుడు గాలికి చెమట ఆరిపోతుంది, దాహం తెలియదు. ప్రతి లోడుకు కొంచెం నీళ్లు తాగండి. జలుబు ఉంటే ఆ రోజు మానేయండి. దిగేటప్పుడు చెవి పట్టేస్తే, కింద ఎనిమిది నిమిషాల్లో ఇంకో లోడ్ కూర్చుని ఉంటుంది.

ఆ ఎండలో డెన్సిటీ ఆల్టిట్యూడ్ (వేడికి గాలి పలచబడి విమానం ఎంత ఎత్తులో ఉన్నట్టు ప్రవర్తిస్తుందో ఆ ఎత్తు) కూడా వేసుకోండి. అరిజోనాలోని ఎలోయ్ లాంటి 1,500 అడుగుల ఎత్తు ఊళ్లో 40 డిగ్రీలంటే ప్రామాణికం కన్నా 28 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున విమానం 4,900 అడుగుల దగ్గర ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. పొద్దున నలుగురితో సులువుగా లేచిన రన్‌వే సాయంత్రం నాలుగింటికి అదే రన్‌వే కాదు. అప్పుడు ముగ్గురితో వెళ్లండి.

కృష్ణలంక
ఈ శుక్రవారం మొదటిసారి విమానం చూడటానికి వెళ్తున్నాను. ఎగరకముందు ఏమేం చూడమంటారు?

ఏవ్‌గ్యాస్_రమణ
వెయిట్ అండ్ బ్యాలెన్స్ కాగితం, సీట్లు తీశాక కొత్తగా వేసిందేనా అన్నది. జంప్ తలుపు, మెట్టు అమర్చినదానికి ఎఫ్‌ఏఏ అనుమతి కాగితాలు: ఎస్‌టీసీ గానీ ఫారం 337 గానీ. 100 గంటల ఇన్‌స్పెక్షన్ తేదీ. సీటు పట్టాల రంధ్రాలు అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చాయా, సీటు పిన్ను పూర్తిగా దిగుతోందా. టేకాఫ్‌లో సీటు వెనక్కి జారితే యోక్ కూడా మీ చేతితోపాటే వెనక్కి వస్తుంది. అదనపు సీటు స్టాప్ ఉందో లేదో చూడండి.

రిగ్గర్_కడప
తలుపు గొళ్లెం ఇరవైసార్లు తెరిచి మూసి చూడండి, పారాచూట్ తొడుక్కుని, సీట్లో కూర్చుని, కుడి చేత్తో. జంపర్లు వెళ్లాక దాన్ని మూయాల్సింది మీరే.